ఎముకను సాగదీస్తే కండరం కూడా పెరుగుతుందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ చెల్లెలికి 17 ఏళ్లు. ఎనిమిదేళ్ల వయసులో మోకాలి పైన దెబ్బ తగిలి తొడ ఎముకలోని ఎదుగుదల పలక పాడైంది. ఇప్పుడు ఆ కాలు 4 సెం.మీ. పొట్టిగా ఉంది. ఎముకను కోసి రోజుకు 1 మి.మీ. చొప్పున జరుపుతూ పొడవు పెంచుదామని డాక్టరు చెప్పారు. కోసిన చోట కొత్త ఎముక ఎలా పుడుతుందో ఎక్స్‌రేలు పెట్టి వివరించారు కూడా. కండరం సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అది కూడా పెరుగుతుందా, లేక సాగి సాగి పలచబడి శక్తి కోల్పోతుందా, రేపు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చోగలదా అని అడిగారు.

నేను సర్జన్‌ను కాను, ఫిజియోథెరపిస్టును. ఇలిజరోవ్ రింగులు (కాలు చుట్టూ బిగించి ఎముకను మెల్లగా జరిపే లోహపు వలయాలు) వేసుకున్నవాళ్లతో, ఈ మధ్య ఎముక లోపల సాగే రాడ్డు వేయించుకున్నవాళ్లతో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్నాను. ఎముక అతుక్కుందా లేదా అన్నది సర్జన్ చూసుకుంటారు. కాలు వంగుతోందా లేదా అన్నది నా దగ్గరికి వస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

సూటిగా చెప్పాలంటే, కండరం పెరుగుతుంది. కంటికి సాగినట్టు కనిపించడమే కాదు, లోపల కొత్త పదార్థం చేరి నిజంగానే పొడవవుతుంది. కానీ ఎముకంత వేగంగా పెరగదు. తప్పించుకునే దారి దొరికితే అసలు పెరగదు. పొడవు వచ్చినంత త్వరగా బలం రాదు. ఎముకను రోజుకు ఎంత జరపాలో మనం నిర్ణయిస్తాం, ఎక్కడ ఆపాలో మాత్రం చాలాసార్లు కండరమే నిర్ణయిస్తుంది. ఆపరేషన్‌కు ముందు ఇంట్లోవాళ్లు తెలుసుకోవలసింది ఇదే, వాళ్లకు ఎవరూ చెప్పనిదీ ఇదే.

పెరగడం అంటే ఏమిటో చూద్దాం. కండర తంతువు లోపల సార్కోమియర్లు అనే అతి చిన్న భాగాలు ఒకదాని వెనక ఒకటి బారుగా ఉంటాయి. ఒక్కోదానిలో యాక్టిన్, మయోసిన్ అనే ప్రొటీన్ పోగులు ఒకదానిలోకి ఒకటి చొచ్చుకుని ఉంటాయి. అవి ఎంత మేరకు కలిసి ఉన్నాయన్న దాని మీదే కండరం పట్టు ఆధారపడి ఉంటుంది. మనిషి కండరంలో ఒక సార్కోమియర్ పొడవు సుమారు 2.7 మైక్రాన్ల దగ్గర ఉన్నప్పుడు పట్టు గరిష్ఠంగా ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ లెక్కన 10 సెం.మీ. తంతువులో దాదాపు 37 వేల సార్కోమియర్లు బారులో ఉంటాయి.

ఎముకను కోసి కాస్త జరపగానే మొదట జరిగేది సాగడమే. ప్రతి సార్కోమియర్ కొద్దికొద్దిగా పొడవవుతుంది, పోగుల కలయిక తగ్గుతుంది, పట్టు సడలుతుంది. లోపల ఉండే టైటిన్ అనే చాలా పెద్ద ప్రొటీన్ బిగుసుకుంటుంది. తంతువుల చుట్టూ ఉండే పొరలూ బిగుస్తాయి. రోగికి అది తొడలో లాగుడుగా తెలుస్తుంది. ఇలా ఒక గంట సాగదీసి వదిలేస్తే కండరం మళ్లీ మామూలు స్థితికి వస్తుంది, కథ అక్కడితో ముగుస్తుంది. కానీ ఎముక వదలదు. ఆ బిగువు గంటల తరబడి, రోజుల తరబడి నిలబడేసరికి కండర కణం ప్రొటీన్ తయారీ పెంచుతుంది. తంతువు రెండు చివర్లలో, అంటే కండరాన్ని ఎముకకు కట్టే టెండన్‌తో కలిసే చోట, కొత్త సార్కోమియర్లు చేరతాయి, రైలుకు చివర బోగీలు తగిలించినట్టు. తంతువుల పక్కనే నిద్రాణంగా ఉండే శాటిలైట్ కణాలు మేల్కొని, విభజన చెంది, పొడవైన తంతువుకు కావలసిన కొత్త కేంద్రకాలను అందిస్తాయి. సంఖ్య పెరిగే కొద్దీ ఒక్కో సార్కోమియర్ మీద సాగుడు తగ్గి, అది మళ్లీ తనకు అనువైన పొడవుకు చేరుకుంటుంది.

ఇది ఊహ కాదు. 1972లో ఫ్రాన్సులో తాబరీ బృందం పిల్లుల పిక్క కండరాన్ని సాగిన స్థితిలో ఉంచి కట్టు వేసినప్పుడు సార్కోమియర్ల సంఖ్య దాదాపు 20 శాతం పెరిగింది. ముడుచుకున్న స్థితిలో ఉంచి కట్టు వేస్తే దాదాపు 40 శాతం తగ్గింది. కట్టు తీశాక కొన్ని వారాల్లో మళ్లీ మామూలైంది. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టుకుని చూడండి: చేర్చుకున్నది 20, పోగొట్టుకున్నది 40. కండరానికి పొడవవడం కంటే పొట్టిగా మారడమే తేలిక. నా వృత్తి మొత్తం ఈ ఒక్క అసమానత చుట్టూ తిరుగుతుందంటే అతిశయోక్తి కాదు. అదే దశాబ్దంలో ఇంగ్లండులో గోల్డ్‌స్పింక్, విలియమ్స్ బృందం కొత్త సార్కోమియర్లు తంతువు చివర్లలోనే చేరతాయని చూపించింది. నరం తెగిన కండరం కూడా పొడవును బట్టి సార్కోమియర్ల సంఖ్యను మార్చుకుంటుందని వాళ్లే తేల్చారు. అంటే ఈ పెరుగుదలకు మెదడు ఆజ్ఞ అవసరం లేదు, స్థానికంగా తగిలే బిగువు చాలు.

మనుషుల్లోనూ కొలిచారు. 2007లో అచ్చయిన ఒక అమెరికన్ అధ్యయనంలో తొడ ఎముక సుమారు 4 సెం.మీ. పెంచుకున్న ఒక అమ్మాయి తొడ ముందు కండరాన్ని ఆపరేషన్ సమయంలోను, ఏడాది తర్వాతా పరీక్షించారు. బారులోని సార్కోమియర్ల సంఖ్య రెట్టింపు దాటింది. ఒక్కో సార్కోమియర్ మునుపటి కంటే సాగి లేదు, పైగా కాస్త పొట్టిగానే ఉంది. ఒక్క మనిషి మీద చేసిన కొలత కాబట్టి దాన్నే సూత్రం చేయకూడదు. కానీ మీ చెల్లెలి వయసుకు, మీ చెల్లెలి కొలతకు ఇంత దగ్గరగా ఉన్న సాక్ష్యం ఇంకొకటి నేను చూడలేదు.

ఇప్పుడు వేగం సంగతి. ఈ రోజుకు 1 మి.మీ. అన్న లెక్క సైబీరియాలోని కుర్గాన్ పట్టణంలో పుట్టింది. గవ్రీల్ ఇలిజరోవ్ 1950ల మొదట్లో అక్కడ తన రింగుల పరికరాన్ని తయారుచేశారు. అంతకుముందు, 1905లో ఇటలీలో కొడివిల్లా కాలంనుంచీ, ఎముకను కోసి బలంగా లాగి పొడవు పెంచే ప్రయత్నాలు జరిగాయి. ఎముక సంగతి ఎలా ఉన్నా, నరాలు, కండరాలు ఆ లాగుడును తట్టుకోలేకపోయేవి. ఇలిజరోవ్ కుక్కల మీద రోజుకు అర మిల్లీమీటరు, ఒకటి, రెండు చొప్పున జరిపి పోల్చి చూశారు. అర మిల్లీమీటరు వేగంలో కొత్త ఎముక ముందే గట్టిపడి దారి మూసేస్తుంది. రెండు మిల్లీమీటర్లు మరీ ఎక్కువై ఎముకా సరిగ్గా ఏర్పడదు, మెత్తటి కణజాలమూ దెబ్బతింటుంది. ఒకటి మధ్యేమార్గం. ఆ ఒకటినీ ఒక్కసారిగా కాక నాలుగుసార్లుగా జరిపితే మేలని, మోటారుతో 60 చిన్న అడుగులుగా జరిపితే కండరం, నరం, రక్తనాళం ఇంకా బాగుంటాయని కూడా ఆయనే చూశారు.

ఈ 1 మి.మీ. ఎముకకు, కండరానికి మధ్య కుదిరిన రాజీ. కండరాన్ని మాత్రమే అడిగితే ఇంకా నెమ్మదిగా వెళ్లమంటుంది. బ్రిటన్‌లో సింప్సన్ బృందం 1995లో కుందేళ్ల మీద వేర్వేరు వేగాలతో చేసిన పనిలో ఇది స్పష్టంగా తేలింది. నెమ్మదిగా జరిపినప్పుడు కండరం సార్కోమియర్లు చేర్చుకుంటూ సర్దుకుంది. వేగం పెరిగిన కొద్దీ తంతువుల మధ్య పీచు కణజాలం పేరుకుంది, కీలు కదలిక తగ్గింది. ఒకసారి పీచు పట్టిన కండరం మళ్లీ మునుపటిలా మెత్తబడటం కష్టం. ఎంత వ్యాయామం చేయించినా దాని చివరి బిగువు అలాగే మిగులుతుంది.

చిన్న లెక్క వేద్దాం. బారులో 2.7 మైక్రాన్లకు ఒకటి చొప్పున, 1 మి.మీ. పొడవు చేరాలంటే ప్రతి బారులోనూ రోజుకు దాదాపు 370 కొత్త సార్కోమియర్లు తయారవాలి. ఎముకను జరపడానికి రింగుల నట్టును పావు వంతు తిప్పిన ప్రతిసారీ తొంభైకి పైగా. ఇది తొడలోని వేల వేల తంతువుల్లో, 40 రోజులు వరుసగా జరగాలి. ఈ పని జరుగుతున్నప్పుడు మీ చెల్లెలికి తొడ బిగుసుకుని నిద్ర పట్టకపోతే ఆశ్చర్యపోవలసిన పని లేదు.

టెండన్ కూడా ఈ భారంలో కొంత పంచుకుంటుంది కాబట్టి అసలు లెక్క ఇంతకంటే కొంచెం తక్కువే. అయినా దీన్ని ఎందుకు చెప్తున్నానంటే, ఇక్కడే చాలామంది పొరబడతారు. "ఎముక పొడవులో 15 నుంచి 20 శాతం వరకు పెంచవచ్చు" అని మీరు వినే ఉంటారు. ఆ శాతం ఎముకది. కండరానికి దాని తంతువు పొడవే లెక్క. తంతువు పొడవు కండరం మొత్తం పొడవుతో సమానం కాదు. పిక్కలో లోతుగా ఉండే సోలియస్ కండరాన్ని తీసుకోండి. బయటికి పొడవుగా కనిపిస్తుంది కానీ లోపలి తంతువులు ఏటవాలుగా, సుమారు నాలుగున్నర సెంటీమీటర్లే ఉంటాయి. మిగతాదంతా టెండన్. దాని మీదుండే గ్యాస్ట్రాక్‌నీమియస్‌కు తంతువులు ఐదు సెంటీమీటర్ల దగ్గర. అదే తొడ ముందు నుంచి ఏటవాలుగా మోకాలి లోపలి వైపుకు దిగే సార్టోరియస్‌లో తంతువు 40 సెం.మీ. దాకా ఉంటుంది.

ముంగాలి ఎముకను, అంటే మోకాలి కింది ఎముకను, 5 సెం.మీ. పెంచారనుకోండి. టెండన్ సాయపడకపోతే సోలియస్ తంతువు రెట్టింపు కావాలి. తొడ ఎముకను అంతే పెంచితే సార్టోరియస్‌కు అది ఎనిమిదో వంతు. ఒకే 5 సెం.మీ., ఒక కండరానికి కొండ, ఇంకొకదానికి గుట్ట. ముంగాలు పెంచుకున్నవాళ్లలో మడమ నేలకు ఆనకుండా పైకి లేచిపోవడం, మునివేళ్ల మీద నడవడం ఇంత తరచుగా ఎందుకు కనిపిస్తుందో ఈ ఒక్క లెక్కలో ఉంది. నరం కూడా అంతే, అది కూడా ఒక పరిమితి పెడుతుంది. కాకపోతే నరానికి ఇబ్బంది కలిగితే తిమ్మిరి, మంట, పాదం పైకి లేపలేకపోవడం రూపంలో త్వరగా చెప్తుంది. కండరం మౌనంగా బిగుసుకుంటుంది.

మీ చెల్లెలిది తొడ ఎముక కాబట్టి అక్కడి లెక్క చూద్దాం. తొడ ముందు కండరాల్లో మూడు నేరుగా తొడ ఎముక మీదే పుట్టి మోకాలి చిప్పకు చేరతాయి. తంతువుల పొడవు దాదాపు 10 సెం.మీ. నాలుగోది తుంటి దగ్గర మొదలై తుంటినీ మోకాలినీ రెండింటినీ దాటుతుంది. వెనక కండరాలు కూడా చాలావరకు అలాగే రెండు కీళ్లను దాటేవి. ఎముకను మోకాలికి దగ్గరగా కోస్తే, కోసిన చోటికి పైన పుట్టి కిందికి వెళ్లే తంతువులన్నీ ఒకేసారి సాగుతాయి, మోకాలు బిగుసుకోవడం ఎక్కువ. పైభాగంలో కోస్తే మోకాలికి కాస్త ఊరట. ఎక్కడ కోయాలన్నది ఎముకలో వంకర ఉంటే అది ఎక్కడుంది, ఎముక నాణ్యత ఎలా ఉంది అన్న వాటిని బట్టి సర్జన్ నిర్ణయిస్తారు. అయినా "ఎక్కడ కోస్తున్నారు, దాని వల్ల మోకాలు ఎలా ఉంటుంది" అని అడగండి. మంచి సర్జన్‌కు ఈ ప్రశ్న ఇష్టం.

అసలు ఫిజియోథెరపీ దేనికన్నది ఇప్పుడు చెప్పాలి. చాలామంది నన్ను అడుగుతారు: "ఎముకే కండరాన్ని రోజూ సాగదీస్తోంది కదా, మీరు మళ్లీ ఎందుకు సాగదీయడం?" మంచి ప్రశ్నే. కండరం ఎముకకు ఒకే చోట అతుక్కుని ఉంటే మీరన్నది నిజమే. కానీ అది కీలును దాటుతుంది. కీలు వంగితే దానికి బిగువు తగ్గుతుంది. తొడ వెనక కండరాలు సాగుతున్నప్పుడు మోకాలిని కాస్త వంచి పెడితే హాయిగా ఉంటుంది. పిక్క సాగుతున్నప్పుడు పాదాన్ని కిందికి వాల్చితే హాయి. నొప్పితో ఉన్న మనిషి నిద్రలో కూడా ఆ హాయిని వెతుక్కుంటాడు. అలా కీలు వంగిపోయిన చోట బిగువు ఉండదు. బిగువు లేని చోట కొత్త సార్కోమియర్లు చేరవు. ఎముక 4 సెం.మీ. పెరిగిపోతుంది, కండరం పాత పొడవులోనే ఉండిపోతుంది, ఆ తేడా మొత్తం వంగిన మోకాలిగా మిగులుతుంది. కాబట్టి మేము చేసేది అదనంగా లాగడం కాదు. కండరం తప్పించుకునే తలుపు మూయడం.

అందుకే నేను రింగులున్న రోగి మంచం దగ్గరికి వెళ్లగానే ముందు చూసేది దిండు. మోకాలి కింద దిండు ఉందా? మడత పెట్టిన దుప్పటి ఉందా? ఉంటుంది. అమ్మమ్మో అత్తయ్యో ప్రేమగా పెట్టి ఉంటారు. "పాపం పిల్ల నొప్పితో అల్లాడుతుంటే చూడలేక పెట్టానండీ" అంటారు. ఆ దిండు తీసి మడమ కింద పెడతాను, మోకాలు గాల్లో తేలి తనంతట తానే చాపుకునేలా. పిల్ల ముఖం చిట్లిస్తుంది, పెద్దావిడ నన్ను శత్రువులా చూస్తుంది. మరుసటి రోజు వెళ్తే దిండు మళ్లీ మోకాలి కిందికే చేరి ఉంటుంది. మోకాలి కింద దిండు ఎన్ని రాత్రులు ఉందో అన్ని రాత్రులు, పిల్లుల కండరం పోగొట్టుకున్న ఆ 40 శాతం వైపు నడిచినట్టే.

ఇంట్లో మీరు చేయగలిగింది ఇదే, పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పగలు మోకాలు వంచి చాపడం, బోర్లా పడుకుని మడమను పిరుదు వైపుకు తేవడం, మంచం అంచున కాలు వేలాడదీసి వంచడం. కుర్చీలో కూర్చున్నప్పుడు మడమను ఎదురు స్టూలు మీద పెట్టి మోకాలిని చాపి ఉంచడం. రాత్రి మోకాలు చాపి ఉండేలా పట్టీ. బిగువు ఎంతసేపు నిలుస్తుందన్నదే ముఖ్యం, ఎంత గట్టిగా నెట్టామన్నది కాదు. 1990లో విలియమ్స్ ఎలుకల మీద చేసిన పనిలో ముడిచి కట్టు వేసిన పిక్క కండరాన్ని రోజుకు అరగంట సాగదీస్తే సార్కోమియర్లు తగ్గడం ఆగిపోయింది. మనిషికి ఆ అరగంటను అక్షరాలా అన్వయించలేం, కానీ రోజూ మానకుండా, మెల్లగా, నిలబెట్టి సాగదీయడం పనికొస్తుందనడానికి అది చాలు. ఇంట్లో బలవంతుడైన మేనమామ ఒకాయన ఉంటాడు, "నేను ఒక్కసారి వంచేస్తాను చూడు" అంటాడు. ఆయన్ను దగ్గరికి రానివ్వకండి. జబర్దస్తీగా వంచితే తంతువులు చిరిగి, ఆ చిరిగిన చోట పీచు పడుతుంది. కొత్త ఎముక కూడా వంగవచ్చు.

రింగులు వేస్తే ఇంకో విషయం. రింగులను ఎముకకు పట్టి ఉంచే తీగలు కండరంలోంచే వెళ్తాయి. సరైన పద్ధతిలో వేసే సర్జన్ తొడ ముందు కండరం గుండా తీగ పోయేటప్పుడు మోకాలిని వంచి ఉంచుతారు, వెనక కండరం గుండా పోయేటప్పుడు చాపుతారు. కండరం పొడవుగా ఉన్న స్థితిలో గుచ్చితే తర్వాత కదలికకు అంత అడ్డు రాదు. పొట్టిగా ఉన్నప్పుడు గుచ్చితే ఆ తీగ మేకులా పట్టి ఉంచుతుంది. లోపల రాడ్డు వేసి బయటి నుంచి అయస్కాంత యంత్రంతో సాగదీసే పద్ధతిలో ఈ తీగల బాధ లేదు, మోకాలు తేలికగా కదులుతుంది. కానీ కండరం సాగవలసిన పొడవు అంతే, చేరవలసిన సార్కోమియర్ల లెక్క అంతే. రాడ్డు ఖరీదు మాత్రం చాలా ఎక్కువ. రింగులే వేయించుకుంటే సిగ్గుపడవలసిందేమీ లేదు, లక్షల మంది కాళ్లు వాటితోనే సరయ్యాయి. నట్ల మీద గోళ్ల రంగుతో చుక్క పెట్టుకోండి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి పడుకోబోయే ముందు పావు వంతు తిప్పినప్పుడు ఎంత తిప్పారో చుక్కే చెప్తుంది. రింగులను కలిపే బయటి రాడ్ల మర ఒక చుట్టుకు 1 మి.మీ. కాబట్టి పావు చుట్టు పావు మిల్లీమీటరు.

వారానికోసారి కోణమాపకంతో మోకాలు ఎంత వంగుతోంది, ఎంత చాపుతోంది అని కొలిచి ఒక పుస్తకంలో రాయించుకోండి. ఎక్స్‌రే ఎంత ముఖ్యమో ఈ కొలత అంతే ముఖ్యం. పెంచుతున్న కాలంలో వంగడం తగ్గడం మామూలే. నేను పనిచేసే చోట మోకాలు 45 డిగ్రీలు కూడా వంగకపోతే, లేదా పూర్తిగా చాపలేని స్థితి వారం వారం పెరుగుతుంటే సర్జన్‌కు చెప్తాం. ఆయన వేగాన్ని రోజుకు ముప్పావు మిల్లీమీటరుకో అరకో తగ్గిస్తారు, లేదా కొన్ని రోజులు ఆపుతారు. అనుకున్న 4 సెం.మీ. బదులు మూడున్నర దగ్గర ఆపేయాల్సి వస్తే ఒప్పుకోండి. అర సెంటీమీటరు తేడాతో నడక చెడదు. బిగుసుకున్న మోకాలితో చెడుతుంది.

ఏ కాలు ఎందుకు పొట్టిగా ఉందన్న దాన్ని బట్టి కూడా కండరం ప్రవర్తన మారుతుంది. పుట్టుకతోనే తొడ ఎముక పొట్టిగా ఉన్న పిల్లల్లో కండరాలు, పొరలు కూడా పొట్టిగా, మొండిగా ఉంటాయి. వాళ్లలో ఎముక పెంచుతుంటే మోకాలు వెనక్కి జారిపోయే ప్రమాదం ఉంది కాబట్టి రింగులను మోకాలు దాటించి కీలు పెట్టి కాపాడతారు. అకాండ్రోప్లాసియా (పుట్టుకతోనే చేతులు, కాళ్లు పొట్టిగా ఉండే స్థితి) ఉన్నవాళ్లలో దీనికి విరుద్ధం: ఎముకల పొట్టితనానికి పోలిస్తే కండరం, చర్మం వదులుగా ఉంటాయి, అందుకే వాళ్లు 10 సెం.మీ. పైన కూడా తట్టుకుంటారు. మీ చెల్లెలిది మధ్యస్థం. కండరంలో పుట్టు లోపం లేదు, కానీ అది ఆ పొడవును ఎన్నడూ చూడలేదు. 17 ఏళ్ల వయసు ఆమెకు కలిసివచ్చే విషయమే, చిన్న వయసు కండరం పెద్ద వయసు కండరం కంటే బాగా సర్దుకుంటుంది.

పోలియో వచ్చిన పెద్దవాళ్ల గురించి ఒక మాట, ఎందుకంటే మన ఊళ్లలో చేత్తో తొడ నొక్కుకుంటూ నడిచేవాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు, వాళ్లూ ఇలాంటి సమాధానాలు చదువుతారు. నరం పనిచేయని కండరం కూడా పొడవు సర్దుకుంటుందని పైన చెప్పాను. కానీ ఉన్న కాస్త బిగువే వాళ్లకు ఆధారం. పాదం కాస్త కిందికి వాలి ఉండటం వల్లే బలహీనమైన మోకాలు నిలబడుతున్నవాళ్లు ఉంటారు. ఆ వాలును సరిచేస్తే మోకాలు మడతపడి కింద పడిపోతారు. పాదం ఈడ్చకుండా ఉండటానికి ఆ కాలును ఒక సెంటీమీటరు పొట్టిగానే వదిలేయడం కూడా మామూలే. పోలియో కాలును పెంచే ముందు కండరాల బలం ఒక్కొక్కటిగా పరీక్షించని చోట ఆపరేషన్ చేయించుకోవద్దు.

ఇదే ప్రశ్న కింద ఒకరు, ఆరోగ్యంగా ఉన్న కాళ్లను ఎత్తు కోసం 8 సెం.మీ. పెంచుకోవచ్చా అని అడిగారు. 2016లో హైదరాబాద్‌లో ఒక యువకుడు ఇంట్లో చెప్పకుండా ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్న సంగతి పత్రికల్లో వచ్చినప్పుడు కూడా ఇదే ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. పొట్టి కాలును పెంచితే ఒక లోపాన్ని సరిచేస్తున్నాం, కండరం కష్టానికి ఒక ఫలం ఉంది. మామూలు కాళ్లలో ప్రతి కండరం ఇప్పటికే తనకు సరిపడిన పొడవులో ఉంది. రెండు కాళ్లనూ ఒకేసారి ఆ స్థితి నుంచి లాగి, పైన చెప్పిన సోలియస్ లెక్కను 8 సెం.మీ.కు వేసి చూసుకోండి. పరుగు, గెంతు, మెట్లు దిగడం మునుపటిలా ఉండకపోవచ్చు. చేయించుకోమని నేను సలహా ఇవ్వను.

బలం సంగతి చెప్పాలి, మీరు అడిగారు కాబట్టి. పొడవు చేరుతున్న నెలల్లో కండరం మందం తగ్గుతుంది. నొప్పి, వాడకం తగ్గడం, కాలు మీద పూర్తి బరువు వేయకపోవడం అన్నీ కలిసి తొడ సన్నబడుతుంది. మీరు టేపుతో రెండు తొడలనూ కొలిస్తే తేడా కనిపిస్తుంది, భయపడకండి. సార్కోమియర్లు బారుగా చేరితే పొడవు వస్తుంది, పక్కపక్కన చేరితే మందం, బలం వస్తాయి. రెండోది బిగువు వల్ల కాదు, బరువు మోసే వ్యాయామం వల్ల వస్తుంది. ఎముక గట్టిపడి సర్జన్ అనుమతి ఇచ్చాకే అది మొదలవుతుంది. తొడ ముందు కండరం బలం తిరిగి రావడానికి ఏడాది, కొందరికి రెండేళ్లు పడుతుంది. ఈ కాలంలో పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, మాంసం తింటే మాంసం, ఏదో ఒక రూపంలో ప్రొటీన్ సరిగ్గా అందాలి. నొప్పి మందులతో ఆకలి చచ్చిపోయి చారన్నంతో సరిపెట్టుకునే పిల్లలను చాలామందిని చూశాను. వాళ్ల తొడ అందరికంటే ఆలస్యంగా కోలుకుంటుంది.

కాలం లెక్క మీ చేతిలో ఉండటం మంచిది. ఎముక కోశాక వారం రోజుల వరకు జరపరు. ఆ తర్వాత 40 రోజులు జరపడం. తర్వాత కొత్త ఎముక గట్టిపడే దశ. మొత్తం మీద సెంటీమీటరుకు నెల, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ, అంటే రింగులు నాలుగైదు నెలలు ఉండవచ్చు. నట్లు తిప్పడం ఆగిన రోజున ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకుని వ్యాయామం కూడా ఆపేస్తారు. కండరం సర్దుకునే పని అప్పుడు కూడా సాగుతూనే ఉంటుంది. ఎముక ఇంక లాగడం లేదు, సాగి ఉన్న తంతువుల చివర్లలో కొత్త సార్కోమియర్లు చేరడానికి తీరిక దొరికింది. ఆ నెలల్లో మోకాలి కదలిక వారానికి కొన్ని డిగ్రీల చొప్పున తిరిగి రావడం నేను పుస్తకాల్లో కంటే కోణమాపకం మీదే ఎక్కువ చూశాను.

చివరిగా బాసింపట్టు. మోకాలు 90 డిగ్రీలు వంగితే కుర్చీలో కూర్చోవచ్చు, మెట్లు ఎక్కవచ్చు. చాలా పాశ్చాత్య పుస్తకాలకు అది సంతృప్తికరమైన ఫలితం. మనకు చాలదు. నేల మీద కూర్చుని భోంచేయాలన్నా, పూజలో కూర్చోవాలన్నా 120 డిగ్రీలు దాటాలి, తుంటి కూడా బయటికి తిరగాలి. 4 సెం.మీ. పెంచినవాళ్లలో, ముందు నుంచీ మోకాలు బాగా వంగేవాళ్లు, వ్యాయామం మానని వాళ్లు చాలావరకు ఆ స్థాయికి తిరిగి చేరతారు. చివరి ఇరవై ముప్పై డిగ్రీలు మాత్రం చాలా నెమ్మదిగా వస్తాయి, ఏడాది పట్టినా కంగారు పడకండి. అందుకే ఆపరేషన్‌కు ముందే ఒకసారి ఫిజియోథెరపిస్టు దగ్గరికి తీసుకెళ్లి రెండు మోకాళ్లూ ఎంత వంగుతున్నాయో, తుంటి ఎంత తిరుగుతుందో కొలిపించి రాయించి పెట్టండి. ఆ పిల్ల ఇప్పుడు నేల మీద ఎలా కూర్చుంటుందో ఫోనులో ఒక ఫొటో కూడా తీసుకోండి. తర్వాత ఏది తిరిగి వచ్చింది, ఏది రాలేదన్నది ఆ కాగితంతో, ఆ ఫొటోతో పోల్చి చూసే తేల్చాలి. మోకాలు ఇప్పుడే పూర్తిగా వంగడం లేదని తేలితే ఆ సంగతి ఇక్కడే రాయండి, అప్పుడు ఇచ్చే సలహా కొంచెం వేరుగా ఉంటుంది.